ఏ కణాన్ని చంపాలో ఎన్‌కే కణానికి ఎవరు చెబుతారు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో వానాకాలం జ్వరాల గురించి రాస్తూ, వైరస్ ఒంట్లోకి రాగానే మొదటి రోజుల్లో దాని మీద పడేవాటిలో నేచురల్ కిల్లర్ కణాలు అనే తెల్ల రక్తకణాలు ముఖ్యమైనవి అని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం పట్టుకుని కోనసీమ నుంచి, భీమవరం చుట్టుపక్కల నుంచి, కాకినాడ నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. చదువుకునే పిల్లలు, చెరువుల రైతులు, ఒంట్లో బాగోలేనివాళ్ళు, వాళ్ళను చూసుకుంటున్నవాళ్ళు అందరూ ఉన్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. ప్రతిసారీ పూర్తి పేరు రాయకుండా ఎన్‌కే కణాలు అంటాను.

ప్రశ్న: డాక్టరు గారూ, నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. టీ కణాలనే తెల్లకణాలు, యాంటీబాడీలనే ప్రొటీన్లు ఒక్కో శత్రువుకి ఒక్కోటి తయారవుతాయని మా సార్ చెప్పారు. మరి ఎన్‌కే కణాలకు అలాంటి తయారీ ఏమీ లేదట కదా, ముందు ఎప్పుడూ చూడని జబ్బు కణాన్ని అవి ఎలా గుర్తుపడతాయి? (విద్యార్థిని, అమలాపురం)

జవాబు: అమ్మా, నువ్వు అడిగిన ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి శాస్త్రవేత్తలకు కూడా చాలాకాలమే పట్టింది. 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్‌జెల్ ఒక సంగతి బయటపెట్టారు, అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందం కూడా విడిగా అదే చూసింది. ఎలుక ప్లీహంలో ఉండే కొన్ని తెల్లకణాలు, ఆ ఎలుకకు అంతకుముందు కేన్సర్ కణాలతో ఏ పరిచయమూ లేకపోయినా, కేన్సర్ కణాల పక్కన పెడితే చంపేస్తున్నాయి. అంతకుముందు చేసిన ప్రయోగాల్లోనూ ఇది కనబడేది, కానీ ప్రయోగంలో వచ్చే చిల్లర తేడా అనుకుని పక్కన పడేసేవారు. సరే, చంపుతున్నాయి. దేన్ని చూసి చంపుతున్నాయి?

ఇక్కడ నీ పుస్తకంలో ఉన్న ఎంహెచ్‌సీ క్లాస్ 1 గుర్తు తెచ్చుకో. మనుషుల్లో దాన్నే హెచ్‌ఎల్‌ఏ అంటాం. కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణమూ ఈ ప్రొటీన్లను తన పైపొర మీద నిలబెట్టి, లోపల తయారవుతున్న ప్రొటీన్ల చిన్న ముక్కలను, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలంత ముక్కలను, వాటిలో పెట్టి బయటికి చూపిస్తుంది. లోపల వైరస్ ఉంటే వైరస్ ముక్క కూడా బయటికి వస్తుంది, దాన్ని చూసి టీ కణం ఆ కణాన్ని చంపుతుంది. అంటే వైరస్ బతకాలంటే ఈ చూపించే పనినే ఆపాలి. చాలా వైరస్‌లు అదే చేస్తాయి, హెచ్‌ఎల్‌ఏని పైకి రాకుండా లోపలే ముక్కలు చేయిస్తాయి. కేన్సర్ కణాలు కూడా పెరుగుతూ పెరుగుతూ హెచ్‌ఎల్‌ఏని పోగొట్టుకుంటాయి. ఇక టీ కణానికి అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు.

ఈ దశలో క్లాస్ కేరె అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. 1981 నాటి తన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలోనే రాశాడు: ఎన్‌కే కణం వెతికేది పరాయి గుర్తుని కాదేమో, మన గుర్తు, అంటే ఈ ఎంహెచ్‌సీ, లేకపోవడాన్నేమో అని. అప్పటిదాకా అందరూ రోగనిరోధక శక్తి అంటే పరాయిదాన్ని పట్టుకోవడం అనే అనుకుంటున్నారు. 1986లో ఆయన బృందం ఎలుకల మీద పరీక్షించి చూపించింది. ఒకే కేన్సర్‌కి చెందిన రెండు రకాల కణాలను తీసుకున్నారు, ఒకటి ఎంహెచ్‌సీ ఉన్నది, ఇంకొకటి దాదాపు పోగొట్టుకున్నది. గుర్తు లేనిది దొరక్కుండా తప్పించుకుంటుందని కదా అనుకుంటాం? జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. గుర్తు పోయిన కణాలను ఎలుకలు సులువుగా వదిలించుకున్నాయి, ఆ పని చేసినవి ఎన్‌కే కణాలు. నాకు ఈ ప్రయోగం గురించి చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది, ఎందుకంటే టీ కణం నుంచి దాక్కోవడానికి జబ్బు కణం చేసిన పనే ఇక్కడ దాన్ని పట్టిస్తోంది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఎన్‌కే కణం మీద రెండు జాతుల గ్రాహకాలుంటాయి, అంటే ఎదుటి కణం మీది ప్రొటీన్లను పట్టుకుని లోపలికి కబురు పంపే ప్రొటీన్లు. ఒక జాతి 'ఆగు' అంటుంది: కేఐఆర్ అనే కుటుంబం, ఎన్‌కేజీ2ఏ లాంటివి. ఇవి ఎదుటి కణం మీద హెచ్‌ఎల్‌ఏని తాకగానే లోపల దెబ్బకొట్టే యంత్రాంగాన్ని ఆపేస్తాయి. ఇంకో జాతి 'కొట్టు' అంటుంది: ఎన్‌కేజీ2డీ, ఎన్‌కేపీ46, ఎన్‌కేపీ30 లాంటివి. కణం కష్టంలో పడితే, అంటే డీఎన్‌ఏ దెబ్బతిన్నా, వైరస్ లోపల పడినా, దాని పైపొర మీద మికా, మిక్‌బీ అనే ప్రొటీన్లు మామూలుగా ఉండేవాటికంటే బాగా ఎక్కువగా లేస్తాయి. ఎన్‌కేజీ2డీ పట్టుకునేది వాటినే. ఇలా ఆగు, కొట్టు అనే సంకేతాలు రెండూ ఒకేసారి లోపలికి వస్తాయి. పాతకాలపు తక్కెడలో రెండు పళ్ళేల్లోనూ సరుకు పడుతున్నప్పుడు ముల్లు ఎటు మొగ్గితే అటు, ఎన్‌కే కణం తీర్పు కూడా అంతే. ఏ ఒక్క గ్రాహకమూ ఒంటరిగా నిర్ణయించదు. వైరస్ సోకిన కణంలో సాధారణంగా రెండూ జరుగుతాయి, ఆగు సంకేతం తగ్గుతుంది, కొట్టు సంకేతం పెరుగుతుంది.

ఇంకొక్క విషయం కూడా చెప్పాలి, నీకు పరీక్షలో రాకపోయినా ఫర్వాలేదు. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి, కేఐఆర్ జన్యువులు 19వ దాని మీద. రెండూ వేర్వేరుగా సంక్రమిస్తాయి. అంటే అమ్మానాన్నల నుంచి నీకు వచ్చిన ఆగు గ్రాహకాలకు, నీకు వచ్చిన హెచ్‌ఎల్‌ఏకి జత కుదరాలని రూలేమీ లేదు. మరి జత కుదరని ఎన్‌కే కణం మన సొంత కణాల మీదే పడిపోదా? పడదు. ఎన్‌కే కణాలు ఎదిగేటప్పుడు మన ఒంట్లోని హెచ్‌ఎల్‌ఏతో వాటికి పరిచయం జరగాలి. ఆ పరిచయం జరిగినవే పూర్తి చురుకుదనంతో బయటికి వస్తాయి, జరగనివి మందకొడిగా ఉండిపోతాయి. ఆగు అనే సంకేతం రుచి చూసిన కణానికే కొట్టే హక్కు వస్తుందన్నమాట.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మన గుర్తు లేని కణాన్ని చంపేస్తాయంటున్నారు. ఎర్ర రక్తకణానికి కేంద్రకమే లేదు, హెచ్‌ఎల్‌ఏ కూడా లేనట్టే. మరి అన్ని కోట్ల ఎర్రకణాలు రోజూ ఎన్‌కే కణాల పక్కనే తిరుగుతుంటే వాటికేమీ కాదేంటి? (రామచంద్రపురం)

జవాబు: మాస్టారూ, చాలా మంచి ప్రశ్న. పైన ఆ అమ్మాయికి రాసిన దానిలో రెండో సగం ఎందుకు అవసరమో మీ ప్రశ్నే చెబుతోంది. ఎర్రకణం దగ్గర ఆగు అనే సంకేతం రాదు, నిజమే. కానీ కొట్టు అనే సంకేతం కూడా రాదు. ఎన్‌కే కణాన్ని రెచ్చగొట్టే ప్రొటీన్లు మామూలు ఎర్రకణం మీద దాదాపు ఉండవు. గుర్తు లేకపోవడం ఒక్కటే చంపడానికి సరిపోదు, కష్టంలో ఉన్నట్టు ఏదో ఒక ఆనవాలు కూడా కనబడాలి. దీనికి తిరగేసిన పక్షం కూడా ఉంది: ఆనవాళ్ళు చాలా ఎక్కువగా లేస్తే, హెచ్‌ఎల్‌ఏ ఉన్న కణాన్ని కూడా ఎన్‌కే కణాలు చంపగలవు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు మీ ఎర్రకణం ఉదాహరణే వేయండి, బాగా పట్టుకుంటుంది.

ప్రశ్న: రిటైర్డ్ హెడ్మాస్టర్ని. గుర్తించడం సరే, ఆ తర్వాత ఏం చేస్తాయి? పక్కనున్న మంచి కణాలకు కూడా దెబ్బ తగలదా? (రాజోలు)

జవాబు: తగలకుండా చూసుకోవడంలోనే వాటి నేర్పంతా ఉందండి. ఎన్‌కే కణం లోపల చిన్న చిన్న సంచుల్లో పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లు అనే ప్రొటీన్లు ముందే తయారై ఉంటాయి. అందుకే టీ కణాల్లా సంఖ్య పెంచుకోవడానికి వారం రోజులు ఆగక్కర్లేదు. ఎదుటి కణాన్ని చంపాలని తేలగానే దానికి గట్టిగా అతుక్కుంటుంది, అతుక్కున్న చోటికి లోపలి సంచులన్నీ జరిగి వస్తాయి, రెండు పొరల మధ్య ఉన్న ఆ ఇరుకు సందులోకే సరుకు వదులుతుంది. చుట్టూ చల్లడం ఉండదు. పెర్ఫోరిన్ ఎదుటి కణం పొరలో రంధ్రాలు చేస్తుంది, ఆ దారిన గ్రాంజైమ్‌లు లోపలికి వెళ్ళి ఆ కణంలోనే ఉన్న కాస్పేస్ అనే ఎంజైమ్‌లను లేపుతాయి. వీటి పని కణం తనంతట తాను చచ్చిపోయేలా చేయడం. పగిలిపోయి లోపలి వైరస్‌ని చుట్టూ చిమ్మకుండా, ముడుచుకుని, ముక్కలుగా విడిపోయి చస్తుంది, ఆ ముక్కలను మాక్రోఫేజ్‌లు అనే మింగే కణాలు తినేస్తాయి. ఎన్‌కే కణం అక్కడినుంచి విడిపోయి ఇంకో కణం మీదికి వెళ్తుంది. ఒకే ఎన్‌కే కణం వరసగా చాలా కణాలను చంపగలదు.

దీనికి తోడు ఇంకో పని ఉంది, పుస్తకాల్లో దానికి తక్కువ చోటు ఇస్తారు గానీ నా దృష్టిలో సమానమైన పని. ఎన్‌కే కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో మాక్రోఫేజ్‌లు చురుగ్గా మారతాయి, చుట్టుపక్కల కణాలు తమ హెచ్‌ఎల్‌ఏని ఇంకా ఎక్కువగా పైకి నిలబెడతాయి, వెనకాల వచ్చే టీ కణాలకు పని తేలికవుతుంది. వీటిని లేపేవి కూడా రసాయనాలే: వైరస్ సోకిన కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్లు, ఇతర కణాలు వదిలే ఐఎల్-12, ఐఎల్-15, ఐఎల్-18. అంటే ఎన్‌కే కణం ఒంటరిగా తిరిగే కణమేమీ కాదు, అటు సంకేతాలు తీసుకుంటుంది, ఇటు పంపుతుంది.

ఇవి లేకపోతే ఏమవుతుందో 1989లో అమెరికాలో ఒక టీనేజ్ అమ్మాయి విషయంలో బయటపడింది. ఆ అమ్మాయికి టీ కణాలు, బీ కణాలు ఉన్నాయి, ఎన్‌కే కణాలు లేవు. ఆటలమ్మ, సైటోమెగలో, హెర్పిస్ లాంటి ఒకే కుటుంబానికి చెందిన వైరస్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఆ అమ్మాయిని ప్రాణం మీదికి తెచ్చేలా బాధపెట్టాయి. మన పిల్లలకు ఆటలమ్మ వస్తే వేపాకు మంచం మీద పరిచి వారం, పది రోజుల్లో తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకుంటాం కదండీ, ఆ తగ్గడంలో ఈ కణాల పని చాలా ఉంది.

ప్రశ్న: మా బాబుకి జ్వరం తగ్గాక సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయిస్తే లింఫోసైట్స్ 52 అని వచ్చింది, పక్కన బాణం గుర్తు వేశారు. ఇవి ఎన్‌కే కణాలు పెరిగినట్టా? టెన్షన్‌గా ఉందండి. (ముమ్మిడివరం)

జవాబు: సీబీపీలో ఎన్‌కే కణాల లెక్క విడిగా రాదమ్మా. లింఫోసైట్లు అనే ఒక్క అంకెలో టీ కణాలు, బీ కణాలు, ఎన్‌కే కణాలు మూడూ కలిసే ఉంటాయి, అందులో ఎన్‌కే వాటా సుమారు 5 నుంచి 15 శాతం. విడిగా లెక్కపెట్టాలంటే ఫ్లో సైటోమెట్రీ అనే వేరే పరీక్ష కావాలి, మామూలు జ్వరానికి అది అక్కర్లేదు. వైరల్ జ్వరం తర్వాత లింఫోసైట్ల శాతం కొన్నాళ్ళు ఎక్కువగా ఉండడం మామూలే, చిన్నపిల్లల్లో అయితే వయసుని బట్టి సహజంగానే ఎక్కువ ఉంటుంది. బాబు తింటున్నాడా, ఆడుకుంటున్నాడా, మళ్ళీ జ్వరం రాకుండా ఉందా చూసుకోండి. మెడలో, చంకల్లో గడ్డలు తగులుతున్నా, బరువు తగ్గుతున్నా, చర్మం మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు వస్తున్నా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అమ్మకి రొమ్ము కేన్సర్. హెర్2 పాజిటివ్ అని చెప్పి ట్రాస్టూజుమాబ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఒంట్లో ఇన్ని ఎన్‌కే కణాలు ఉండగా అసలు కేన్సర్ ఎందుకొచ్చింది? మా అమ్మ శక్తి తక్కువ మనిషి కావడం వల్లనా? (నరసాపురం)

జవాబు: చివరి మాట ముందు తీసేయండి బాబూ. మీ అమ్మగారి బలహీనత వల్ల వచ్చింది కాదు ఇది, ఆవిడతో ఆ మాట ఎవర్నీ అననివ్వకండి కూడా.

కేన్సర్ కణం ఒక్క రోజులో గడ్డ అవదు. మొదట్లో పుట్టినవాటిలో ఎన్‌కే కణాలకు, టీ కణాలకు దొరికినవి పోతాయి, దొరకనివి మిగిలి పెరుగుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగాక కంటికి కనిపించే గడ్డలో ఉన్నవన్నీ తప్పించుకోవడం వచ్చిన కణాలే. వాటి పద్ధతులు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కొట్టు సంకేతం ఇచ్చే మికా ప్రొటీన్‌ని కేన్సర్ కణం తన పైపొర నుంచి కత్తిరించి రక్తంలోకి వదిలేస్తుంది. దాంతో పైన ఆనవాలు తగ్గుతుంది, రక్తంలో తిరిగే ఆ ముక్కలు అంటుకుని ఎన్‌కే కణాల గ్రాహకాలు కూడా మొద్దుబారతాయి. గడ్డ లోపల టీజీఎఫ్ బీటా అనే రసాయనం ఎన్‌కే కణాలను నీరసపరుస్తుంది. పైగా గట్టి గడ్డల్లోకి ఎన్‌కే కణాలు పెద్ద సంఖ్యలో వెళ్ళలేవు.

ఇప్పుడు మీ అమ్మగారి ఇంజెక్షన్ సంగతికి వస్తాను, ఇది మీరు తెలుసుకోవాలి. ట్రాస్టూజుమాబ్ ఒక యాంటీబాడీ. దాని రెండు చేతులు కేన్సర్ కణం మీది హెర్2 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటాయి, పెరగమని వెళ్ళే సంకేతాన్ని అడ్డుకుంటాయి. దాని తోక మాత్రం బయటికి తేలి ఉంటుంది. ఎన్‌కే కణాల మీద సీడీ16 అనే గ్రాహకం ఉంది, అది ఇలాంటి తోకలనే పట్టుకుంటుంది. పట్టుకుందంటే చాలా బలమైన కొట్టు సంకేతం, అంతకుముందు ఆ కణం హెచ్‌ఎల్‌ఏ చూపించి ఎంత తప్పించుకున్నా సరే ఇప్పుడు మొగ్గు మారిపోతుంది. ఈ మందు పనిచేసే మార్గాల్లో ఇదీ ఒకటి. లింఫోమా అనే కేన్సర్‌లో ఇచ్చే రిటుక్సిమాబ్ కూడా ఇదే దారి వాడుకుంటుంది. అంటే తప్పించుకున్న కణాలను మీ అమ్మగారి సొంత ఎన్‌కే కణాలకు మళ్ళీ చూపిస్తున్నారు. ఈ మందు గుండె మీద ప్రభావం చూపవచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎకో తీస్తారు, దాన్ని వాయిదా వేయకండి.

ఎన్‌కే కణాలనే మందుగా ఇచ్చే చికిత్స గురించి కూడా మీరు ఉత్తరం చివర అడిగారు. బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎన్‌కే కణాలకు కేన్సర్ కణాల మీది సీడీ19 అనే ప్రొటీన్‌ని పట్టుకునే కృత్రిమ గ్రాహకాన్ని తగిలించి, అమెరికాలోని ఎండీ ఆండర్సన్ కేన్సర్ సెంటర్‌లో 11 మంది రక్త కేన్సర్ రోగులకు ఇచ్చారు, 8 మందిలో ఫలితం కనిపించిందని 2020లో ప్రచురించారు. ఇవ్వడానికి దాత కణాలైనా సరిపోవడం, తీవ్రమైన దుష్ఫలితాలు కనబడకపోవడం మంచి సూచనలు. కానీ అది రక్త కేన్సర్ల మీద, చిన్న పరిశోధన. మన దేశంలో 2023లో అనుమతి వచ్చిన కార్-టీ చికిత్సలో వాడేది టీ కణాలు, అది వేరు. రొమ్ము కేన్సర్‌కి ఎన్‌కే కణాలు ఎక్కిస్తాం అని ఎవరైనా డబ్బు అడిగితే, అది రిజిస్టరైన క్లినికల్ ట్రయలేనా అని కాగితం చూపించమనండి. ట్రయల్లో చేర్చుకునేవాళ్ళు ఆ ప్రయోగపు మందుకి రోగి దగ్గర లక్షలు వసూలు చేయరు.

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. రెండుసార్లు మూడో నెలలోపే గర్భం పోయింది. ఒక సెంటర్లో రక్తపరీక్ష చేసి ఎన్‌కే కణాలు ఎక్కువున్నాయి, అవే బిడ్డ మీద పడుతున్నాయి, తెల్లటి కొవ్వు సెలైన్ ఎక్కించాలి అన్నారు. మా అత్తగారు నా రక్తమే బిడ్డని తినేస్తోందంటున్నారు. ఏం చేయాలో తెలియడం లేదు. (పాలకొల్లు)

జవాబు: అమ్మా, మీ రక్తం మీ బిడ్డని తినలేదు. ఈ పేజీ మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

గర్భసంచి లోపలి పొరలో మొదటి మూడు నెలల్లో ఉండే లింఫోసైట్లలో సుమారు 70 శాతం ఎన్‌కే కణాలే. అవి అక్కడ ఉండడం జబ్బు కాదు, అవసరం. అవి రక్తంలో తిరిగే ఎన్‌కే కణాల కంటే వేరు రకం. చంపే గుణం తక్కువ, వృద్ధికి పనికొచ్చే రసాయనాలు వదిలే గుణం ఎక్కువ. బిడ్డకి రక్తం బాగా అందాలంటే గర్భసంచిలోని సన్నటి మెలికల ధమనులు వెడల్పవ్వాలి. ఆ పనిలో మాయ (ప్లాసెంటా) కణాలకు ఇవి సాయం చేస్తాయి. బిడ్డ వైపు నుంచి లోపలికి వచ్చే మాయ కణాలు కూడా హెచ్‌ఎల్‌ఏ-జీ, హెచ్‌ఎల్‌ఏ-ఈ, హెచ్‌ఎల్‌ఏ-సీ అనే గుర్తులు చూపిస్తాయి, తల్లి ఎన్‌కే కణాలు వాటిని చదువుకుంటాయి. కేంబ్రిడ్జ్‌లో యాష్లీ మాఫెట్ బృందం చూపించిందేమిటంటే, తల్లిలో కొన్ని రకాల కేఐఆర్, బిడ్డలో ఒక రకం హెచ్‌ఎల్‌ఏ-సీ కలిస్తే, ఎన్‌కే కణాలకు ఆగు సంకేతం మరీ ఎక్కువై, తల్లికి గుర్రపువాతం (గర్భంతో ఉండగా బీపీ బాగా పెరిగే ప్రీ-ఎక్లాంప్సియా) వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అంటే అక్కడ ఇబ్బంది ఎన్‌కే కణాలు బాగా రెచ్చిపోవడం వల్ల కాదు, తగినంత చురుగ్గా లేకపోవడం వల్ల. ఎన్‌కే కణాలంటే బిడ్డకి శత్రువులు అన్న మాట ఎంత తలకిందులుగా ఉందో చూడండి.

ఇక పరీక్ష సంగతి. చేతి నుంచి తీసిన రక్తంలోని ఎన్‌కే కణాల సంఖ్య గర్భసంచిలో ఏం జరుగుతోందో చెప్పదు. పదేపదే గర్భం పోయేవాళ్ళకు ఈ పరీక్ష చేయమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని యూరప్‌లోని సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే తన మార్గదర్శకాల్లో రాసింది. కాబట్టి ఆ అంకె పట్టుకుని సెలైన్ ఎక్కించుకునే ముందు ఆగండి. ఇప్పటికే మొదలుపెట్టిన మందులేవైనా ఉంటే మీ అంతట మీరు ఆపేయకుండా ఇంకో గైనకాలజిస్టుకి రిపోర్టులన్నీ చూపించండి. అడగాల్సినవి ఇవి: యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష చేశారా, థైరాయిడ్ చూశారా, గర్భసంచి ఆకారంలో తేడా ఉందేమో స్కాన్ చేశారా. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి, అందులో తల్లి చేసిన తప్పు ఏదీ ఉండదు. రెండుసార్లు అలా జరిగిన చాలామంది తర్వాత ఏ చికిత్సా లేకుండానే బిడ్డల్ని కన్నారు. మీ వయసుకి ఆశ చాలా ఉంది తల్లీ.

ప్రశ్న: మా వీధిలో ఒకాయన చెయిన్ సిస్టంలో ఒక పొడి అమ్ముతున్నారు. ఎన్‌కే కణాల బలం పెంచుతుంది, కేన్సర్ రాదు, జపాన్‌లో రుజువైంది అంటున్నారు. నాన్నగారికి షుగర్ ఉంది, కొనమంటారా? (కాకినాడ)

జవాబు: కొనకండి. జపాన్ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. సైతామాలో 3,625 మందిని 11 ఏళ్ళు గమనించి 2000లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. రక్తంలో ఈ కణాల చంపే శక్తి తక్కువ ఉన్నవాళ్ళలో కేన్సర్ ఎక్కువ కనబడింది. అధ్యయనం గట్టిదే. కానీ అందులో ఎవరికీ ఏ పొడీ ఇవ్వలేదు, ఉన్న శక్తిని కొలిచి తర్వాత ఏమైందో చూశారు, అంతే. దాన్ని డబ్బా మీద అంటించి అమ్మడం అన్యాయం.

అసలు ఎన్‌కే కణాలు పెంచడం అనే ఆలోచనే నాకు మింగుడుపడదు. పై జవాబులన్నీ చదివితే మీకే అర్థమవుతుంది, వాటి గొప్పదనం ఎంత కొడుతున్నాయి అనే దానిలో లేదు, ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది. ఎన్‌కే కణాలు, టీ కణాలు చంపే పని సరిగా చేయలేకపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది: పెర్ఫోరిన్ జన్యువు పాడైన పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ తర్వాత రోగనిరోధక వ్యవస్థ చల్లారదు, మాక్రోఫేజ్‌లు రెచ్చిపోయి సొంత రక్తకణాలనే తినేస్తాయి. ఇంత మెలికలు తిరిగిన వ్యవస్థని చెంచాడు పొడి సరిచేస్తుందని ఎలా నమ్మమంటారు?

నాన్నగారిని రోజూ నడవమనండి. ఒళ్ళు వంచి పనిచేసిన కొద్ది నిమిషాల్లోనే రక్తంలోకి ఎన్‌కే కణాలు పెద్ద సంఖ్యలో వస్తాయి, తర్వాత తగ్గి మళ్ళీ కణజాలాల్లోకి సర్దుకుంటాయి. నిద్ర పోగొట్టుకుంటే వాటి చురుకుదనం తగ్గుతుంది, పొగ తాగినా తగ్గుతుంది. ఆ పొడి డబ్బులతో మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు చూపే పరీక్ష) చేయించండి.

ప్రశ్న: ఎన్‌కే కణాలకు జ్ఞాపకం ఉండదని చదివాను, నిజమేనా? (యానాం)

జవాబు: చాలాకాలం అలాగే అనుకున్నారు. 2009లో ఎలుకల్లో సైటోమెగలో వైరస్‌ని ఒకసారి ఎదుర్కొన్న ఎన్‌కే కణాలు ఎక్కువకాలం నిలబడి, రెండోసారి ఇంకా గట్టిగా స్పందించాయని తేలింది. మనుషుల్లో కూడా ఆ వైరస్ సోకినవారిలో ఎన్‌కేజీ2సీ అనే గ్రాహకం ఉన్న ఎన్‌కే కణాల గుంపు పెరిగి చాలాకాలం ఉంటుంది. టీ కణాల జ్ఞాపకమంత విస్తృతం కాదు, కానీ లేదనడం తప్పు. అన్నట్టు, ఆ వైరస్ మామూలుది కాదు. హెచ్‌ఎల్‌ఏని కిందికి లాగేసి టీ కణాలను తప్పించుకుంటుంది, అప్పుడు ఎన్‌కే కణాలు వస్తాయి కదా, వాటిని ఆపడానికి యూఎల్18 అనే నకిలీ హెచ్‌ఎల్‌ఏని తయారుచేసి పైన నిలబెడుతుంది.

ప్రశ్న: వనామీ రొయ్యల చెరువులండి మాకు. వైట్‌స్పాట్ జబ్బు వచ్చిందంటే మూడు నాలుగు రోజుల్లో చెరువంతా తేలిపోతుంది. రొయ్యలకు కూడా ఈ ఎన్‌కే కణాలు ఉంటే వాటిని పెంచే మందు వాడొచ్చు కదా? రొయ్యకి ఇమ్యూనిటీ అని సీసాలు అమ్ముతున్నారు. (ఉండి)

జవాబు: రొయ్యకి ఎన్‌కే కణాలు లేవండి. టీ కణాలు, బీ కణాలు, యాంటీబాడీలు కూడా లేవు, హెచ్‌ఎల్‌ఏ లాంటి గుర్తులూ లేవు. వెన్నెముక లేని జీవుల దారి వేరు. వాటికి హీమోసైట్లు అనే రక్తకణాలుంటాయి, ఇవి క్రిముల్ని మింగుతాయి, పెద్దవాటి చుట్టూ గూడు కడతాయి, మెలనిన్ అనే నల్లటి పదార్థంతో కప్పేస్తాయి. గాయమైన రొయ్య మీద నల్లమచ్చ పడటం మీరు చూసే ఉంటారు, అదే. బ్యాక్టీరియా మీద ఇది కొంత పనిచేస్తుంది, వైట్‌స్పాట్ వైరస్ ఒకసారి ఒంట్లో పెరగడం మొదలయ్యాక ఈ బలం చాలదు. చెరువులో వైట్‌స్పాట్‌ని నయం చేసే మందు లేదు. మనుషుల ఎన్‌కే కణాల మీద జరిగిన పరిశోధన పేరు చెప్పి రొయ్యల సీసా అమ్మితే దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పండి.

మీ చేతిలో ఉన్నది వైరస్ చెరువులోకి రాకుండా ఆపడమే. సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందు వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేయించడం, వ్యాధిరహిత తల్లి రొయ్యల నుంచి వచ్చిన సీడే తీసుకోవడం, నీళ్ళు పెట్టాక క్లోరిన్‌తో శుద్ధి చేయడం, గట్ల చుట్టూ పీతలు ఎక్కకుండా వల కట్టడం. పీతలు ఈ వైరస్‌ని మోసుకొస్తాయి, తాము చావకుండా. పక్క చెరువులో జబ్బు వచ్చిందంటే అక్కడి వలలు, బకెట్లు మీ గట్టు మీదికి రానివ్వకండి, మీకు వస్తే ఆ నీళ్ళు శుద్ధి చేయకుండా కాలవలోకి వదలకండి. దిగువన ఇంకో రైతు అదే కాలవ నీళ్ళు తోడుకుంటాడు.